తీపి ఎవరి చేతిలో ఉండాలి?

వేసవి వచ్చిందంటే హిందూపురంలోని మా ఇంట ఫ్రిజ్‌లో ఒక గాజు కూజా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అందులో ఉండేది చక్కెర వేయని నల్ల తేనీరు. దాని పక్కనే మూడు చిన్న సీసాలు: ఒకటి చక్కెర పాకం, ఒకటి బెల్లం పాకం, ఒకటి నన్నారి. అతిథి వచ్చినప్పుడు మా శ్రీమతి గ్లాసులో మంచుముక్కలు వేసి, తేనీరు పోసి, నిమ్మరసం పిండి ఇస్తుంది. సీసాలనూ చెంచానూ పళ్లెంలో పక్కన ఉంచుతుంది. తీపి ఎంత కావాలో ఎవరికి వారే కలుపుకోవాలి.

మొదటిసారి వచ్చినవారు కొంత తికమకపడతారు. "ఇదేమిటి హజ్రత్, మీ ఇంట అతిథులే షర్బత్ కలుపుకోవాలా?" అని నవ్వుతూ అడిగినవారు ఉన్నారు. మర్యాదలో లోపంగా భావించి మౌనంగా తాగి వెళ్లినవారూ ఉన్నారు. "చల్లని నీటిలో చక్కెర త్వరగా కరగదు, అందుకని ఈ ఏర్పాటు" అని మేము చెప్పి ఊరుకునేవారము. ఆ జవాబు అబద్ధం కాదు. అయితే పూర్తి నిజమూ కాదు. పూర్తి నిజం చెప్పడానికి మాకు కొన్నేళ్లు పట్టింది. మరొకరి ఇంట అదే పొరపాటు జరగకూడదన్న ఆశతో నేడు దానిని పాఠక సోదర సోదరీమణుల ముందు ఉంచుతున్నాము.

మా బాల్యం పెనుకొండలో గడిచింది. కొండ కింద ఊరు. వేసవి మధ్యాహ్నం వేడెక్కిన బండలు ఇషా నమాజు వేళకు గాని చల్లబడేవి కావు. 1980ల నడుమ రమజాన్ నెల సరిగ్గా ఎండల్లో వచ్చేది. ఆ రోజుల్లో మా ఇంట చల్లదనం అంటే మట్టి కూజాలోని నీరు. తీపి అంటే నన్నారి షర్బత్. నన్నారి అంటే సుగంధి వేరు. అమ్మీ ఆ వేళ్లను కడిగి, దంచి, నీటిలో కాచి, వడగట్టిన ఆ కషాయంలో చక్కెర పాకం పట్టేది. మగ్రిబ్‌కు కొంచెం ముందు పిల్లలము గోనెసంచి పట్టుకుని మంచుగడ్డ కోసం పరుగెత్తేవారము. రంపపు పొట్టులో కప్పి ఉంచిన ఆ గడ్డ ఇంటికి చేరేసరికి సగం కరిగి మా మోచేతుల వెంట కారేది. ఆ షర్బత్‌లో తీపి ఎంత ఉండాలో అమ్మీయే నిర్ణయించేది. ఇంటిల్లిపాదికీ ఒకే గిన్నె, ఒకే గరిట, ఒకే తీపి. ఎవరికీ మరొక ఆలోచన లేదు.

తేనీరును చల్లగా తాగవచ్చునని మాకు అప్పుడు తెలియదు. తేనీరు అంటే పాలు, చక్కెర వేసి మరగకాచినదే. హైదరాబాదులో చదువుకున్న ఏళ్లలో విందుల తర్వాత ఇచ్చే సులేమానీ చాయ్ రుచి చూశాము. పాలు లేని పలుచని నల్ల తేనీరు, అందులో నిమ్మరసం, ఒక్కొక్క చోట పుదీనా. భారమైన భోజనం తర్వాత అది ప్రాణానికి హాయిగా ఉండేది. అదే సులేమానీని చల్లార్చి మంచు వేస్తే నేటి పిల్లలు ఐస్ టీ అంటున్న పానీయం అవుతుందని మాకు చాలా కాలానికి గాని తట్టలేదు.

ఈ పానీయానికి మన దేశంతో ఒక పాత బంధుత్వం ఉన్నది. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో రిచర్డ్ బ్లెచిండెన్ అనే అధికారి భారతదేశపు తేయాకును పరిచయం చేయడానికి వెళ్లాడు. అక్కడి ఎండకు వేడి తేనీరు ఎవరూ ముట్టకపోగా, ఆయన దానిని చల్లబరచి ఇచ్చాడనీ, జనం ఎగబడ్డారనీ చెబుతారు. పేరు రావడానికి ఆ ప్రదర్శన తోడ్పడి ఉండవచ్చును గాని, పానీయం అంతకంటే పాతది. 1879లో వెలువడిన వర్జీనియా వంటల పుస్తకం ఒకదానిలోనే దీని విధానం ఉన్నది. ప్రతి గ్లాసులోనూ మంచు నింపి, విడివిడిగా రెండేసి చెంచాల చక్కెర వేసి, పైనుండి తేనీరు పోయాలన్నది అందులోని పద్ధతి. తర్వాతి కాలంలో ఆ దేశపు దక్షిణ ప్రాంతాలలో వేడి తేనీటిలోనే చక్కెర దండిగా కరిగించి, కూజా మొత్తాన్ని ముందే తీపి చేసి ఉంచే అలవాటు స్థిరపడింది. గ్లాసులో తీపి, కూజాలో తీపి అన్న ఈ రెండు పద్ధతుల మధ్య ఉన్న దూరం మాకు తర్వాత బాగా అర్థమైనది.

మా ఇంట ఈ పానీయాన్ని మొదట చేసినది మా పెద్దమ్మాయి. బెంగళూరులో చదువుతూ సెలవులకు వచ్చిన ఒక వేసవిలో ఉత్సాహంగా వంటింట్లోకి వెళ్లింది. మొదటి ప్రయత్నం చెడిపోయింది. పాల తేనీరుకు మరిగించినట్టే ఆకును చాలాసేపు మరిగించినందున వగరు నాలుకను పట్టేసింది. వేడి గిన్నెను తిన్నగా ఫ్రిజ్‌లో పెట్టినందున తేనీరు బురదనీటిలా మసకబారింది. చల్లారిన తర్వాత వేసిన చక్కెర గ్లాసు అడుగున ఇసుకలా పేరుకున్నది. మొదటి గుటక చేదు, చివరి గుటక పాకం!

ఈ మూడు లోపాలకూ కారణాలు ఉన్నాయి. ఆకు వేడి నీటిలో ఎంత ఎక్కువసేపు ఉంటే అంత వగరు దిగుతుంది. తేనీరు చల్లబడినప్పుడు అందులోని వగరు పదార్థాలు, కెఫీన్ ఒకదానినొకటి పట్టుకుని సన్నని మీగడలా ఏర్పడతాయి. అదే ఆ మసక. అది హానికరం కాదు. కాసిని వేడినీళ్లు కలిపితే తేటపడుతుంది. మన ప్రాంతపు బోరు నీరు గట్టిది గనుక రంగు మరింత మందగించి, పైన తెట్టు కడుతుంది. వడపోత నీరు వాడితే తేనీరు తేటగా ఉంటుంది. ఇక చక్కెర చల్లని నీటిలో కరుగుతుంది గాని నిదానంగా కరుగుతుంది. అంతసేపు కలిపే ఓపిక దాహంతో ఉన్నవానికి ఉండదు.

అనేక ప్రయత్నాల తర్వాత మా ఇంట స్థిరపడిన విధానం ఇది. అర లీటరు వడపోత నీటిని మరిగించి పొయ్యి ఆపివేయాలి. అందులో నాలుగు చెంచాల తేయాకు వేసి మూత పెట్టి, నాలుగైదు నిమిషాలకు మించకుండా ఉంచాలి. పొడి కంటే ఆకు ఉన్న రకం మంచిది. పుదీనా, దంచిన అల్లం, ఏలకి వేయదలచినవారు ఇప్పుడే వేయవచ్చును. తర్వాత పిప్పిని నొక్కకుండా వడగట్టి, ఇంకొక అర లీటరు చల్లని మంచినీరు కలిపి, గది వేడికి వచ్చేదాకా బయట ఉంచి, ఆపైన ఫ్రిజ్‌లో పెట్టాలి. నిమ్మరసాన్ని గ్లాసులో పోసిన తర్వాతే పిండాలి. అది పడగానే తేనీటి రంగు తేలికపడి బంగారు వన్నెకు వస్తుంది. నలుగురికి సరిపోతుంది. మరునాటికల్లా తాగివేయడం మంచిది.

పొయ్యి వెలిగించకుండా చేసే పద్ధతి మరొకటి ఉన్నది. ఇషా తర్వాత లీటరు మంచినీటిలో ఐదు చెంచాల ఆకు వేసి ఫ్రిజ్‌లో ఉంచి, ఉదయం వడగట్టుకుంటే చాలు. వగరు తక్కువగా దిగుతుంది. వగరు తగ్గితే దానిని కప్పిపుచ్చడానికి వేసే చక్కెర కూడా తగ్గుతుంది. అయితే సీసాను ఎండలో పెట్టి తేనీరు దింపడం మంచిది కాదు. ఆ గోరువెచ్చదనంలో సూక్ష్మక్రిములు పెరుగుతాయి. మంచు కూడా కాచి చల్లార్చిన నీటితో ఇంట గడ్డకట్టించినదే వాడాలి. బజారులోని పెద్ద మంచుదిమ్మెలన్నీ తాగడానికి చేసినవి కావు.

ఇంతవరకు అంతా బాగున్నది. ఇక తీపి సంగతి.

ధర్మవరంలో మా ఆపా కుటుంబం ఉన్నది. దూల్హాభాయ్ మగ్గాలకు పట్టు నూలు అందించే పని చేస్తారు. ఆపా మాకంటే ఆరేళ్లు పెద్ద. అబ్బా మరణించిన తర్వాత మా చదువుకు తన గాజులు అమ్మి పంపిన మనిషి ఆమె. ఆమెకు చాలా కాలంగా చక్కెర వ్యాధి ఉన్నది. మాత్రలు వేసుకుంటుంది. చక్కెర మానమని వైద్యులు చెప్పారు, ఆమె మానలేదు. తగ్గించానని మాత్రం అనేది.

2019లో రమజాన్ మే నెలలో వచ్చింది. చాంద్రమానం ప్రకారం దాదాపు 33 ఏళ్లకు ఈ నెల మళ్లీ అదే రుతువుకు చేరుతుంది గనుక, మా పెనుకొండ బాల్యంలోని ఎండల రోజాలు తిరిగి వచ్చినట్టయింది. రమజాన్‌కు ముందు ఆపా మా ఇంటికి వచ్చి ఈ చల్లని తేనీరు తాగి ఎంతో మెచ్చుకున్నది. "ఇఫ్తార్‌కు మా ఇంట కూడా ఇదే చేస్తాను. కానీ నాకు చక్కెర వద్దన్నారు కదా. ఇందులో ఏం వేసుకోవాలి? నువ్వు మౌల్వీవి. డాక్టరు మాట కంటే నీ మాటే నాకు ధైర్యం" అన్నది.

మేము క్షణమైనా ఆలోచించలేదు. "తేనె వేసుకోండి ఆపా. అందులో స్వస్థత ఉన్నదని దివ్య ఖుర్ఆన్ చెబుతున్నది. బెల్లమైనా ఫరవాలేదు, అది చక్కెర వంటిది కాదు" అని చెప్పాము. చెప్పడమే కాదు, పంపించాము కూడా. హిందూపురం బెల్లం వ్యాపారానికి పేరుపడిన ఊరు. మంచి నల్లబెల్లం ఏరి రెండు కిలోలు కొన్నాము. ఒక పెద్ద సీసా తేనెతో కలిపి సంచిలో పెట్టి, ధర్మవరం వెళ్లే బంధువు చేతికి రైలు దగ్గర అందించాము. ఆ సంచి అందించినప్పుడు పుణ్యకార్యం చేసినంత తృప్తి కలిగింది.

ఆ నెలంతా ఆపా ఇఫ్తార్‌కు రెండు పెద్ద గ్లాసులు, తరావీహ్ తర్వాత ఒక గ్లాసు తాగింది. గ్లాసుకు మూడు చెంచాల తేనె, చిన్న ఉసిరికాయంత బెల్లం. ఫోనులో మాట్లాడినప్పుడల్లా "నీ తేనీరు నిజంగా తేనె నీరే!" అని నవ్వేది. మేమూ నవ్వేవారము.

పండుగ అయిన రెండు వారాలకు దూల్హాభాయ్ ఫోను చేశారు. ఆపా కుడికాలి వేళ్ల మధ్య చెప్పు ఒరుసుకుని పుండు పడిందట. స్పర్శ మందగించినందున ఆమెకు నొప్పి తెలియలేదు. ఎప్పటినుండి ఉన్నదో కూడా తెలియదు. ఆసుపత్రికి తీసుకువెళ్లేసరికి చక్కెర 400 దాటి ఉన్నది. మేము మదరసాకు సెలవు పెట్టి వెళ్లాము. ప్రాణాపాయం తప్పింది, అల్‌హమ్దులిల్లాహ్. కానీ రెండు వేళ్లు తీసివేయవలసి వచ్చింది.

ఆ రోజు వైద్యుడు మా అందరి ముందు ఆమెను అడిగాడు: "అమ్మా, ఈ నెల రోజులు తీపి ఏం తీసుకున్నారు?" ఆపా ఒకసారి మా వైపు చూసింది. వెంటనే చూపు తిప్పుకుని, "పండుగ రోజులు కదా సార్, నోరు కట్టుకోలేకపోయాను" అన్నది. మేము అక్కడే ఉన్నాము. నోరు తెరిచి "ఆమె తప్పు కాదు, చెప్పినది మేము" అనవలసిన చోట మౌనంగా నిలబడ్డాము. మా గడ్డానికీ టోపీకీ ఆ గదిలో ఉన్న గౌరవం పోతుందని భయపడ్డాము. ఇంతకంటే దాచుకోవడానికి ఇక ఏమీ లేదు.

వ్యాధి పాతదనీ, నరాలు ముందే దెబ్బతిన్నాయనీ, పుండును ఆలస్యంగా గమనించారనీ వైద్యుడు చెప్పాడు. వేళ్లు పోవడానికి ఒక్క పానీయమే కారణమని ఆయన అనలేదు. నెలంతా రక్తంలో చక్కెర హెచ్చుగా ఉన్నందున పుండు మానలేదని మాత్రం అన్నాడు. ఆ మొదటి మాటలను పట్టుకుని మేము కొన్ని నెలలు మా మనసును సమాధానపరచుకున్నాము.

ఆ సమాధానాన్ని పగలగొట్టినవాడు ఒక విద్యార్థి. ఆ సంవత్సరం చలికాలంలో తరగతిలో అన్‌నహ్ల్ సూరా పాఠం నడుస్తున్నది. తేనెటీగల ప్రస్తావన వచ్చే 69వ ఆయత్‌లో "షిఫా" అన్న పదాన్ని వ్యాకరణరీత్యా వివరిస్తున్నాము. అరబీలో నామవాచకానికి "అల్" చేరితే ఒక అర్థం, చేరకపోతే మరొక అర్థం. ఇక్కడ ఆ పదం "అల్" లేకుండా వచ్చింది. "అల్" చేరి ఉంటే తేనె సకల రోగాలకూ మందన్న అర్థం వచ్చి ఉండేదనీ, అలా రాలేదు గనుక అందులో స్వస్థత ఉన్నదని మాత్రమే గ్రహించాలనీ వైద్యం తెలిసిన కొందరు పండితులు చెప్పినట్లు ఇబ్నె కసీర్ (రహ్మ) తమ వ్యాఖ్యానంలో పేర్కొన్నారు. ఈ పాఠాన్ని మేము ఏళ్ల తరబడి చెబుతున్నాము.

పాఠం ముగియగానే ఒక కుర్రవాడు చేయి ఎత్తాడు. "హజ్రత్, మా నానీకి షుగర్ ఉన్నది. అయితే తేనె తాగమని చెప్పవచ్చునా, వద్దా?"

మాకు జవాబు రాలేదు. పన్నెండేళ్ల పిల్లవాడు అడగవలసిన చోట ఆగి అడిగాడు. మేము అడగవలసిన చోట ఆగకుండా తీర్పు చెప్పాము. గ్రంథం మాకు తెలుసు, పదం తెలుసు, దాని వ్యాకరణం తెలుసు. తెలియనిది మా ఆపా శరీరం. అది వైద్యునికి తెలుసు. ఆయన చెప్పియున్నాడు కూడా. ఆయన మాటపై మా మాట వేసి, దైవవాక్యాన్ని మా తొందరపాటుకు సాక్ష్యంగా నిలిపాము. ఆ విద్యార్థితో "వద్దు బాబూ, వైద్యుణ్ణి అడగకుండా చెప్పవద్దు" అని మాత్రం అన్నాము.

ఆ గురువారం మధ్యాహ్నం మదరసా ముగియగానే ధర్మవరం రైలు ఎక్కాము. దారిలో పెనుకొండ కొండ కనిపించినప్పుడు అమ్మీ గరిట, షర్బత్ గిన్నె గుర్తుకు వచ్చాయి. ఆపా ఇంట ఆమె ఎదుట కూర్చుని జరిగినదంతా ఒప్పుకున్నాము. క్షమించమన్నాము.

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇలా అన్నది: "నాకు తెలియదనుకున్నావా? తేనె కూడా తీపే అని ఏ ఆడమనిషికి తెలియదు! నాకు తీపి కావాలనిపించింది. నీ మాట నాకు సాకుగా దొరికింది. నువ్వు చెప్పకపోతే ఆ సాకు దొరికేది కాదు, అంతే. నీ తప్పు నీది, నా తప్పు నాది." మళ్లీ కొంతసేపటికి, "ఇకమీదట నువ్వు తేనీరు మాత్రం చెయ్యి. తీపి నా గ్లాసులో నేనే వేసుకుంటాను. ఎంత వేసుకున్నానో నాకు తెలియాలి కదా" అన్నది.

మా ఇంట మూడు సీసాలు అలా వచ్చాయి.

ఆ తర్వాత మేము కూర్చుని లెక్క వేశాము. పాఠకులూ వేసుకోవచ్చును. ఒక చెంచా చక్కెర 4 గ్రాములు. ఒక చెంచా తేనె చిక్కన గనుక దాదాపు 7 గ్రాములు తూగుతుంది. అందులో చక్కెర 5 గ్రాముల పైమాటే. అంటే చెంచాకు చెంచా చూస్తే తేనెలోనే చక్కెర ఎక్కువ! బెల్లంలో ముప్పాతిక వంతుకు అటూ ఇటూగా చక్కెరే. కొద్దిగా ఖనిజాలు ఉన్నా రక్తంలో చక్కెర పెరగకుండా అవి ఆపవు. ఆ ప్రకారం ఆపా తాగిన ఒక్కొక్క గ్లాసులో దాదాపు 25 గ్రాముల చక్కెర ఉన్నది. ఆహారంలో విడిగా చేరే చక్కెరలు రోజు మొత్తం శక్తిలో పదోవంతుకు మించరాదనీ, అందులో సగానికి, అంటే సుమారు 25 గ్రాములకు, తగ్గితే మరీ మంచిదనీ 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. తేనెను కూడా ఆ లెక్కలోనే చేర్చింది. ఇది ఆరోగ్యవంతులను కూడా కలుపుకుని చెప్పిన మాట. ఆపా రోజుకు మూడు గ్లాసులు తాగింది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం మన దేశంలో చక్కెర వ్యాధి ఉన్నవారు 10 కోట్ల పైచిలుకు అని అంచనా కట్టింది. మన బంధువర్గంలో ఆ వ్యాధి లేని ఇల్లు ఎక్కడున్నది?

ఇంకొక సంగతి ఉన్నది. పదార్థం చల్లగా ఉన్నప్పుడు నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది. వేడి తేనీటిలో సరిపోయిన చక్కెర అదే తేనీరు చల్లబడితే చాలదనిపిస్తుంది. మంచు కరిగేకొద్దీ రుచి మరింత పలుచబడుతుంది. అందువలన చల్లని పానీయంలో మనకు తెలియకుండానే ఎక్కువ తీపి పోస్తాము. జాతీయ రహదారి దుకాణాలలోని ఫ్రిజ్‌లలో సీసా ఐస్ టీ కొనేవారు వెనుక ఉన్న పట్టీ చదవాలి. అక్కడ చక్కెర 100 మిల్లీలీటర్లకు ఎంతో రాసి ఉంటుంది; సీసాలో ఎన్ని వందలు ఉన్నాయో హెచ్చవేసుకోవాలి.

పాకాల విధానం సులువు. చక్కెర, నీరు సమాన తూకంలో తీసుకుని చక్కెర కరిగేదాకా వేడి చేస్తే చాలు, తీగపాకం అక్కరలేదు. చల్లారిన తర్వాత సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచాలి. ఈ పాకం ఒక చెంచాలో సుమారు 3 గ్రాముల చక్కెర ఉంటుంది. చల్లని తేనీటిలో ఇట్టే కలుస్తుంది గనుక గ్లాసు అడుగున ఏమీ మిగలదు. ఎంత వేశామో అంత రుచి నాలుకకు అందుతుంది. అందుకే తక్కువతోనే తృప్తి కలుగుతుంది. బెల్లాన్ని కొద్ది నీటిలో కరిగించి, ఇసుక, చెరకు పీచు పోయేలా వడగట్టాలి. పాలు లేని తేనీరు గనుక విరిగిపోతుందన్న భయం లేదు. నన్నారి పాకం వాసనకు అమృతం వంటిది. కానీ అదీ చక్కెర పాకమే అని మరువరాదు. తీపి పూర్తిగా మానవలసినవారికి పుదీనా, అల్లం, నిమ్మ, చిటికెడు ఏలకి పొడి ఉన్నాయి. పది రోజులు ఓపిక పడితే నాలుక వాటికి అలవాటు పడుతుంది. చక్కెరకు బదులుగా బజారులో అమ్మే తీపి బిళ్లలను వాడదలచినవారు వైద్యుణ్ణి అడిగి వాడాలి. మేము మరొకసారి ఎవరికీ ఏ మందూ చెప్పబోము.

అయితే తీపిని శత్రువుగా చూపడం కూడా మా ఉద్దేశం కాదు. దైవప్రవక్త (స) వారికి చల్లని తీయని పానీయం ప్రియమైనదని తిర్మిజీ సంకలనంలో హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం ఉన్నది. చక్కెర వ్యాధి ఉండి మాత్రలు లేదా ఇన్సులిన్ తీసుకునేవారికి ఒక్కొక్కసారి ఆ తీపే ప్రాణం నిలుపుతుంది. వణుకు, చెమటలు, తడబాటు కలిగి, రక్తంలో చక్కెర 70కి దిగువకు పడితే, వెంటనే 15 గ్రాములు, అంటే దాదాపు నాలుగు చెంచాల చక్కెర నీటిలో కలిపి తాగించాలి. రోజాలో ఉన్నా సరే, అప్పుడు రోజా విరమించాలి. రోగికి దివ్య ఖుర్ఆన్‌లోనే సడలింపు ఉన్నది. దానిని స్వీకరించడం బలహీనత కాదు. రమజాన్‌కు ముందే వైద్యుణ్ణి కలిసి, రోజా ఉండవచ్చునా, మాత్రల వేళలు ఎలా మార్చుకోవాలో తెలుసుకోవడం ప్రతి రోగి బాధ్యత.

మరి రెండు జాగ్రత్తలు. తేనీరు ఆహారంలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు. రక్తహీనత ఉన్న స్త్రీలు భోజనంతో పాటు కాక గంట దూరంగా తాగాలి. ఇఫ్తార్‌లో దాహం తీర్చవలసినది మంచినీరే. తేనీరు దాని తర్వాతే. ఇక ఏడాది నిండని పసిపిల్లల నోట తేనె చుక్క కూడా వేయరాదు. అది వారికి ప్రమాదకరమైన విషక్రిమిని చేర్చగలదు. పెద్దలు ముచ్చటపడి చేసే ఈ పని మన ఇళ్లలో ఇంకా ఉన్నది.

గత వేసవిలో ఆపా మా ఇంటికి వచ్చి నాలుగు రోజులు ఉన్నది. ఆమె కాలికి ప్రత్యేకంగా చేయించిన మెత్తని చెప్పులు ఉన్నాయి. నిదానంగా నడుస్తుంది. ఆమె చక్కెర ఇప్పుడు చాలావరకు అదుపులో ఉన్నది. ఒక సాయంత్రం మా మదరసా విద్యార్థి తండ్రి ఒకరు వచ్చారు. పళ్లెంలోని సీసాలు చూసి అందరిలాగే అడిగారు: "హజ్రత్, ఇదేమి పద్ధతి?" మేము చల్లని నీటిలో చక్కెర కరగదన్న పాత జవాబు చెప్పబోయి ఆగాము. లోపలి గదిలో ఆపా ఉన్నది. "కూర్చోండి, చెబుతాము" అని, ఆసుపత్రి గదిలో చెప్పలేకపోయిన మాటను ఆ రోజు మొదటిసారి బయటివారి ఎదుట చెప్పాము. ఆయన శ్రద్ధగా విన్నారు. తన గ్లాసులో అర చెంచా పాకం కలుపుకున్నారు. "మా అమ్మకు కూడా షుగర్ ఉన్నది హజ్రత్. ఆమె గ్లాసులో ఇన్నాళ్లూ నేనే బెల్లం కలిపి ఇస్తున్నాను" అన్నారు.

ఆయన వెళ్లిన తర్వాత ఆపా గ్లాసు పట్టుకుని వచ్చింది. నిమ్మ, పుదీనా వేసుకున్నది. నన్నారి సీసా మూత తీసి వాసన చూసి, మళ్లీ మూత పెట్టేసింది.

అతిథికి తీపి పెట్టడం మన సంప్రదాయం, దానిని విడవనక్కరలేదు. కానీ ఎంత తీపి అన్నది అతిథి చేతికి వదిలిపెడదాము. తెలిసినది చెబుదాము, తెలియనిచోట "వైద్యుణ్ణి అడగండి" అందాము. తన వాక్యాన్ని మా తొందరపాటుకు అడ్డుపెట్టుకున్నందుకు అల్లాహ్ మమ్మల్ని మన్నించుగాక. మా ఆపాకు, ఇది చదివే ప్రతి ఇంటి రోగికి ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.